గుండు చూసి దండం పెట్టాం

కొత్తగా ఈ పనిలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఈ ఉద్యోగానికి ముఖ్యంగా ఏం కావాలి మేడం అని అడుగుతారు. ఓపిక కావాలనో, దయ కావాలనో చెబుతానని వాళ్ళ ఆశ. నోరు మూసుకోవడం రావాలి తల్లీ అంటాను. ఈ మాట నేను చెబుతున్నానని తెలిస్తే నాతో పనిచేసినవాళ్ళు పడీ పడీ నవ్వుతారు. ముప్ఫై ఏళ్ళకు పైగా తిరుపతిలో ఆడవాళ్ళ ఆశ్రయ గృహం నడిపిన నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది, అడగడం. బస్సులో పక్క సీట్లో కూర్చున్నావిడ రేణిగుంటలో దిగిపోయేలోపల ఆమె ఆడపడుచు గొడవలన్నీ నాకు తెలిసిపోవాలి. లేకపోతే టిక్కెట్టు దండగ అనిపించేది.

మాది ఒక ట్రస్టు నడిపే ఇల్లు. ఇంట్లోంచి గెంటేసినవాళ్ళు, దెబ్బలు తట్టుకోలేక పారిపోయి వచ్చినవాళ్ళు, దారి తప్పినవాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎక్కడికి పోవాలో తెలియని ఆడమనిషి ఏ ఊళ్ళో రైలెక్కినా చాలాసార్లు తిరుపతిలోనే దిగుతుంది. దేవుడున్న ఊరు, అన్నం దొరికే ఊరు, ఒంటరిగా తిరిగినా ఎవరూ వింతగా చూడని ఊరు.

ప్రమోషన్లు, తనిఖీలు, ఫైళ్ళ సంగతులు ఇక్కడ రాయను. అవి చదివితే మీకు నిద్ర వస్తుంది, రాస్తే నాకు కోపం వస్తుంది. నాకు పని నేర్పిన ముగ్గురు మనుషుల గురించీ, నేను చేసిన ఒక తప్పు గురించీ రాస్తాను. ఆ తప్పు ఇంకో రెండు గంటలు ఎవరూ పట్టుకోకుండా ఉంటే ఒక మనిషి బతుకు పోయేది.

ఒకే కథ నాలుగుసార్లు

మా గేటు దగ్గర చెంగల్రాయుడు ఉండేవాడు. ఆయన జీతం గేటు తియ్యడానికి. ఆయన మాత్రం తనను తాను హైకోర్టు అనుకునేవాడు. సంచి పట్టుకుని ఏ ఆడమనిషి వచ్చినా నిలబెట్టి, యాడ నుంచి వస్తా ఉండావు, మొగుడేం పని చేస్తాడు, పిల్లోళ్ళు ఎంతమంది, యాల వచ్చేసినావు అని ఆరా తీసేవాడు. ఆ పరీక్ష పాసైతే రిజిస్టరు రాసే టేబులు. అక్కడ మళ్ళీ అవే ప్రశ్నలు, కాకపోతే కూర్చోబెట్టి. తర్వాత నేను. నేనైతే టీ తెప్పించి మరీ అడిగేదాన్ని. వారానికోసారి డాక్టరమ్మ అడిగేది. శుక్రవారాలు అరటిపళ్ళు పంచడానికి వచ్చే దాతల ఇంటి ఆడవాళ్ళు మిగిలిన ముక్క కూడా అడిగి తెలుసుకుని, అయ్యో పాపం అనేసి కారెక్కేవాళ్ళు.

అంటే మా ఇంటికి వచ్చిన మనిషి, అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేలోపల తన బతుకులోని అతి చెడ్డ రోజును మూడు నాలుగుసార్లు చెప్పుకోవాలి. దాన్ని మేం కేసు తీసుకోవడం అనేవాళ్ళం.

ఒకసారి పీలేరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త చెప్పుతో కొట్టాడని గేటు దగ్గర చెప్పింది, కట్టెతో కొట్టాడని నాకు చెప్పింది. పైగా నాకు చెప్పేటప్పుడు కళ్ళలో నీళ్ళు లేవు. నేను ఫైల్లో "మాటలో నిలకడ లేదు" అని రాశాను. నా దస్తూరి బాగుంటుంది, ఆ మాట ముత్యాల్లా రాశాను. వారం తిరక్కుండానే ఆవిడ చెప్పకుండా వెళ్ళిపోయింది. నిలకడ లేని మనిషి కదా అనుకుని నేను హాయిగా భోంచేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

చీరల అంగడి మునిరత్నం

మునిరత్నం గారు మా ట్రస్టుకు కార్యదర్శిగా వచ్చినప్పుడు నేను మూతి ముడుచుకున్నాను. పుత్తూరు పక్క పల్లెలో పుట్టి, తిరుపతి బజారులో నలభై ఏళ్ళు చీరల అంగడి నడిపిన మనిషి. సేవ వేరు, వ్యాపారం వేరు సార్ అని మొదటి రోజే మొహం మీద అనేశాను. ఆయన నొచ్చుకోలేదు.

"అంగడికొచ్చే ఆడమనిసి, ఈడికొచ్చే ఆడమనిసి ఒగటేనమ్మా. ఇద్దురూ గడప కాడ ఒగసారి ఆగుతారు, లోపలికి పోదామా వద్దా అని. ఆ ఆగినప్పుడు మనం ఏం జేస్తామో దాంట్లోనే అంతా ఉండాది."

ఆ మాట విని, పరవాలేదే ఈ పెద్దమనిషి అనుకున్నాను. అంత గొప్ప మాట చెప్పిన మనిషే మరుసటి వారం వరండాలో నల్లబోర్డు పెట్టించాడు. పైన తెల్ల రంగుతో "ఈ నెల ఇళ్ళకు చేర్చినవారు" అని రాయించాడు. కింద ఖాళీ. అంకె మేం రాయాలి. అంగట్లో ఏ సేల్స్‌మాన్ ఎన్ని చీరలు అమ్మాడో ఆయన అలాగే రాయించేవాడట.

ఆ బోర్డును నేను వ్యతిరేకించానని రాస్తే మీకు నా మీద గౌరవం పెరుగుతుంది. కానీ నిజం అది కాదు, నాకు ఆ బోర్డు తెగ నచ్చింది. పొద్దున్నే దాని ముందు నిలబడి అంకె చూసుకునేదాన్ని. నెలాఖరు వస్తోందంటే, ఎవరి ఇంటికి ఫోన్ చేద్దామా, ఎవర్ని ఒప్పించి పంపిద్దామా అని లోపల గదులన్నీ తిరిగేదాన్ని. ఒక నెల అంకె బాగా పెరిగితే మైసూర్‌పాక్ కూడా పంచాను.

స్రవంతీ, నీలం దిండ్ల గదీ

అప్పుడు వచ్చింది స్రవంతి. ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్ల, యూనివర్సిటీలో మానసిక శాస్త్రం చదివి, పరిశోధన చేస్తూ మా దగ్గర కౌన్సిలర్‌గా చేరింది. మునిరత్నం గారు ఇంటర్వ్యూలో దేని మీదమ్మా నీ పరిశోధన అని అడిగారు. ట్రామా మీద, అంటే మనసుకు తగిలిన గాయం మీద అంది. దానికి మందుండాదా అన్నారాయన. ముందు మనం ఆ గాయాన్ని ఇంకోసారి కెలక్కుండా ఉంటే చాలు సార్ అంది. ఆయన నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను.

మొదటి మూడు వారాలు ఆ పిల్ల ఒక మూల కూర్చుని చూస్తూ ఉండేది, అంతే. నాలుగో వారం నా గదికి వచ్చి, మేడం, ఒక్కో మనిషిని మనం ఎన్నిసార్లు అడుగుతున్నామో లెక్క పెట్టాను, చెప్పమంటారా అంది. వద్దన్నాను. అయినా చెప్పింది. భయపడ్డ మనిషికి జ్ఞాపకం వరసలో ఉండదనీ, ఒకసారి ఒక ముక్క, ఇంకోసారి ఇంకో ముక్క పైకి వస్తుందనీ, మాట మారడం అబద్ధానికి గుర్తు కాదనీ, కళ్ళలో నీళ్ళు రాకపోవడం బాధ లేకపోవడం కాదనీ చెప్పింది. నాకు ఆ పీలేరు ఆవిడ గుర్తొచ్చింది. కానీ పిల్ల ముందు ఒప్పుకుంటే పెద్దరికం ఏం కావాలి? నీకు అనుభవం లేదులే అన్నాను.

ఆ పిల్లవన్నీ ఒప్పులే అనుకోకండి. మనసు కుదుట పడడానికని ఒక గది సర్ది, నీలం రంగు దిండ్లు వేసి, గోడకు నీలం రంగు కొట్టించి, సువాసన కడ్డీ వెలిగించింది. ఒక్క మనిషి లోపలికి పోతే ఒట్టు. అది దాతల ఇంటి ఆడవాళ్ళ కోసం అనుకున్నారు. రెండు నెలలపాటు ఆ దిండ్ల మీద మా వంటింటి పిల్లి మాత్రం బాగా కుదుట పడింది. మా ఇంట్లో మనసు బాగాలేని ఆడవాళ్ళందరూ పోయేది వంటింట్లోకి. చేతికి ఒక కత్తిపీటో, చేటలో బియ్యమో దొరికితే వాళ్ళకు ప్రాణం కుదుట పడేది. అది ఏ పుస్తకంలోనూ లేదని స్రవంతి బాధపడితే, నువ్వు రాయి, ఉంటుంది అన్నాను.

మొక్కు తీరిన తల

ఒక బుధవారం ఉదయం ఆమె వచ్చింది. అసలు పేరు రాయను, రేవతి అనుకోండి. ముప్ఫై దాటి ఉండవు. సంచి లేదు, చెప్పుల్లేవు. తల మీద కప్పుకున్న కొంగు గాలికి జారింది. నున్నటి గుండు.

బయటి ఊరివాళ్ళకు ఒక మాట చెప్పాలి. వేరే ఊళ్ళో ఆడమనిషి గుండుతో ఎదురైతే ఏం జరిగిందో పాపం అనుకుంటారు. మా తిరుపతిలో గుండంటే పూర్తయిన మొక్కు. బస్టాండులో, అలిపిరి దగ్గర, ఇడ్లీ బండి ముందు, ఎటు చూసినా నున్నటి తలలే. మా కళ్ళకు అది పుణ్యం చేసుకున్న తల.

అందుకని మా హైకోర్టు చెంగల్రాయుడు, జీవితంలో మొదటిసారి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, రెండు చేతులూ జోడించి గోవిందా అని దండం పెట్టి గేటు తీశాడు. రిజిస్టరు టేబులు దగ్గర, దర్శనానికి ఎన్ని గంటలు పట్టిందమ్మా అని ఆప్యాయంగా అడిగారు. నేను ఇంకో మెట్టు ఎక్కాను. లేచి నిలబడి, మొక్కు తీరిందా తల్లీ, దర్శనం బాగా అయిందా అన్నాను.

అయింది అంది.

ఇంట్లోవాళ్ళు గుంపులో తప్పిపోయారా అన్నాను. అవును అంది. ఊరు అడిగాను. సూళ్లూరుపేట పక్కన ఒక పల్లె పేరు చెప్పింది. ఇంట్లో ఎవరున్నారంటే అన్న అంది. నంబరు అడిగితే అదీ చెప్పింది. అడిగిందానికల్లా ఎంత చక్కగా జవాబిస్తోంది, అందరూ ఇలా ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను. అయిదు నిమిషాల్లో కాగితం రాసేశాను. మొక్కు తీర్చుకుని కొండ దిగి వస్తూ కుటుంబం నుంచి తప్పిపోయిన మహిళ. అన్నకు ఫోన్ చేశాను. ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మా చెల్లెలికి కొంచెం మతి నిలకడగా ఉండదమ్మా, మీకు పుణ్యముంటుంది, రేపు మధ్యాహ్నం పన్నెండుకల్లా వచ్చి పిలుచుకోని పోతాను అన్నాడు.

వరండాలోకి పోయి, చాక్‌పీసు తీసుకుని, బోర్డు మీద అంకె ఒకటి పెంచేశాను. మనిషి ఇంకా లోపలే ఉంది.

ఆ ఒక్క రోజు మా ఇంట్లో ఎవరూ ఆమెను ఏం జరిగిందని అడగలేదు. మర్యాద నేర్చుకుని కాదు, మాకు ముందే తెలుసనుకుని.

చెంగల్రాయుడి తీర్పు

మరునాడు పది గంటలకు చెంగల్రాయుడు నా గది గడప దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు, మాట్లాడమంటే మాట్లాడడు. చివరికి అన్నాడు.

"మేడం, ఆ గుండు కొండమింద కొట్టింది గాదు."

నేను నవ్వాను. గుండులో కూడా రకాలుంటాయా అన్నాను. ఆయన నవ్వలేదు. తల మీద గంధం జాడ లేదట. కొండ మీద కల్యాణకట్టలో గొరిగితే కత్తి ఒక వరసలో పోతుందట, ఈమెకు మెడ వెనక కుచ్చులు అలాగే మిగిలిపోయాయట, రెండుచోట్ల తెగిన గాటు కూడా ఉందట. నిన్న సాయంత్రం కుళాయి దగ్గర తల కడుక్కుంటుంటే చూశాడు.

"కూసోబెట్టి కొట్టింది గాదు మేడం. పట్టుకోని కొట్టింది."

నిన్ననే ఎందుకు చెప్పలేదయ్యా అని అరిచాను. దండం పెట్టినాను గదా మేడం, పెట్టినాక ఎట్ల సెప్పేది అన్నాడు. ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. నేను చేసింది దానికన్నా పెద్ద ఘనకార్యం. ఫోన్ చేసి, అడ్రసు ఇచ్చి, రమ్మని పిలిచింది నేనే. ఇంకో రెండు గంటల్లో వస్తాడు.

ఉన్నపళంగా రేవతి దగ్గరికి పోయి, ఎవరే నీకీ పని చేసింది, చెప్పు అని అడగడానికి లేచాను. స్రవంతి తలుపుకు అడ్డం నిలబడింది. అన్నీ విని వచ్చింది.

"ఆమె అన్నిటికీ అవుననే అంటుంది మేడం. దర్శనం అయిందా అంటే అయింది అనింది. అన్న వస్తాడు పోతావా అంటే పోతా అంటుంది. భయపడినోళ్ళ అవునుకు అర్థం ల్యా."

మరి ఎలా తెలుసుకునేది అన్నాను. అడక్కుండా ఆమె మనసులో మాట నాకేమన్నా కల్లోకి వస్తుందా అన్నాను. ఆ సమయానికి మునిరత్నం గారు ఏదో పనిమీద వచ్చి ఉన్నారు. కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. విని, తన అంగడి సంగతి ఎత్తుకున్నారు. ఇప్పుడు చీరల గొడవేంటి సార్ అని నేను విసుక్కున్నాను. ఆయన ఆపలేదు.

"ఏ సీర సూపిచ్చినా బాగుండాది బాగుండాది అనే ఆయమ్మ ఒగటీ కొనదమ్మా. పక్కన అత్తో, మొగుడో ఉంటారు, వాళ్ళకు భయపడతా ఉంటాది. అట్లాంటోళ్ళను మేము నచ్చిందా అని అడగం. రెండు సీరలు ముందర ఏసి, మొకం తిప్పుకోని వేరేవి మడత పెట్టుకుంటా ఉంటాం. కొంచేపటికి చెయ్యి దానంతట అదే పోతాది."

స్రవంతి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఆర్నెల్ల నుంచి నేను చెప్పేది ఇదే గదా సార్ అంది. చేతిలోంచి లాక్కున్న ఎంపికను మళ్ళీ ఆ మనిషి చేతికే ఇవ్వడం అంది. పేరేమో నాకు తెల్దమ్మా, యాపారం అయితే ఇదే అన్నారాయన.

రెండు చోట్లు

స్రవంతి వెళ్ళి, వరండా చివర కూర్చున్న రేవతి పక్కన, కొంచెం ఎడంగా కూర్చుంది. ఎదురుగా కూర్చోలేదు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. మీ అన్న పన్నెండుకు వస్తాడు అంది. ముందు గదిలో కుర్చీలున్నాయి, అక్కడ కూర్చుంటే ఆయనతో మాట్లాడొచ్చు. వెనక వంటిల్లు ఉంది, అక్కడికి మగవాళ్ళు రారు, లోపల గడియ ఉంది. నువ్వు ఎక్కడ కూర్చున్నా సరే, ఎందుకని ఎవరూ అడగరు. అంతే చెప్పి లేచి వచ్చేసింది.

ఆ తర్వాతి గంటన్నర నా ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా పొడుగైన గంటన్నర. మునిరత్నం గారు వరండాలో గోడవైపు తిరిగి, ఉతికి ఆరేసిన దుప్పట్లు తెచ్చుకుని నిజంగానే మడతలు పెట్టడం మొదలుపెట్టారు. ఎంత బాగా మడిచారంటే మాకు ఆ తర్వాత వాటిని విప్పడానికి మనసు రాలేదు. నాకు కూడా ఒక దుప్పటి ఇచ్చారు. నేను రెండు అంచులూ కలిపినట్టే కలిపి మెడ తిప్పి చూడడం, ఆయన మొకం తిప్పుకో తల్లీ అని పళ్ళ సందునుంచి అనడం. ఇలా ఒక దుప్పటిని నేను ఏడెనిమిదిసార్లు మడిచాను.

రేవతి కదల్లేదు. పదకొండయింది, పదకొండున్నర అయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలను చూస్తూ కూర్చుంది. నాకు లోపల ఒకటే గోల. పో తల్లీ వంటింట్లోకి పో అని అరవాలనిపించింది. అరిస్తే అప్పుడు కూడా సరే అని పోయేది, మళ్ళీ నా మాట విన్నట్టే అయ్యేది, తన మాట కాదు. ఆ తేడా నాకు ఆ గంటన్నరలో అర్థమైంది. ముప్ఫై ఏళ్ళ అనుభవంలో కాలేదు.

పన్నెండుకు పది నిమిషాలుందనగా లేచింది. ముందు గదివైపు నడిచింది. నా చేతిలో దుప్పటి కింద పడిపోయింది. ఆమె నిన్న కట్టుకొచ్చి, ఉతికి ఆ గది కిటికీకి ఆరేసుకున్న చీర తీసుకుంది, మడిచి చంకలో పెట్టుకుంది, వెనక్కి తిరిగింది, మమ్మల్ని దాటుకుని వంటింట్లోకి పోయింది. లోపల గడియ పడింది.

మునిరత్నం గారు అప్పుడు కూడా గోడవైపే ఉన్నారు. ఆయన భుజాలు మాత్రం కదిలాయి. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

కాఫీ అయిపోయేదాకా

చెడ్డవాళ్ళు చెడ్డగా కనిపిస్తారని మీరు అనుకుంటుంటే ఈ పనికి రాకండి. రేవతి అన్న ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. చెల్లెలికి కొత్త చీర తెచ్చాడు, మల్లెపూలు తెచ్చాడు. గుండు మనిషికి మల్లెపూలు. నా కాళ్ళకు దండం పెట్టబోయాడు.

మీ చెల్లెలు ఇప్పుడు ఎవర్నీ చూడనంది, ఆమె మేజరు, ఆమె ఇష్టం అని చెప్పాను. నా చెల్లెల్ని నాకు చూపించకపోవడానికి మీరెవరు అన్నాడు. నా గొంతు లేస్తోంది. మునిరత్నం గారు నన్ను పక్కకు జరిపి, ఆయన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. బేరం కుదరని గిరాకీని కోపం రాకుండా సాగనంపడం ఎలాగో ఆ రోజు చూశాను. అతను ఏమన్నా అవునప్పా అన్నారు, నిజమేనప్పా అన్నారు, ఆడపిల్లలతో కష్టమేనప్పా అన్నారు. ఇచ్చింది మాత్రం ఏమీ లేదు. అరగంటకు ఆ మనిషి మర్యాద కొంచెం కొంచెంగా అరిగిపోయింది.

"యెంటికలే గదమ్మా, మళ్ళా వస్తాయి. దానికే ఇల్లు ఇడిసిపెట్టి వచ్చేసేదా?"

మేం గుండు మాట ఎత్తనే లేదు. మునిరత్నం గారు నవ్వు మొహంతోనే గ్లాసు చేతిలోకి తీసుకున్నారు.

"కాఫీ అయిపొయినాది గదప్పా. ఇంగ పో."

అప్పుడు అరిచాడు. మనుషుల్ని తీసుకొస్తానన్నాడు. నేను మహిళా పోలీసు స్టేషనుకు అతని ఎదుటే ఫోన్ చేశాను. గేటు దగ్గర చెంగల్రాయుడు ఆయన్ను నిలబెట్టి, యాడ నుంచి వచ్చినావు, ఏం పని చేస్తావు, పేరేంది, నాయన పేరేంది, యాల వచ్చినావు అని తన ప్రశ్నలన్నీ తీరిగ్గా వేసి, ఒక్కొక్కటే పుస్తకంలో రాసుకుని మరీ పంపించాడు. ఆ ప్రశ్నలు మంచివే, అన్నాళ్ళూ తప్పు మనుషుల్ని అడిగాం.

వంటింటి తలుపు దగ్గర స్రవంతి, వెళ్ళిపోయాడు అని ఒక్క మాట చెప్పి వచ్చేసింది. గంట వరకూ గడియ తియ్యలేదు. మేం తట్టలేదు. తీసినప్పుడు చూస్తే, వారానికి సరిపడా ఉల్లిపాయలన్నీ తరిగి గుట్టపోసి ఉంది. ఇల్లంతా కళ్ళలో నీళ్ళు. మూడు రోజులు ఉల్లిపాయ సాంబారే తిన్నాం.

నన్ను చూసి, నేను యే మొక్కూ మొక్కుకోల్యా మేడం అంది.

తెలుసు తల్లీ, తప్పు మాది అన్నాను. మా ఇంట్లో ఉన్న ఆడమనిషికి నేను క్షమాపణ చెప్పడం అదే మొదటిసారి. వెంటనే, అసలేం జరిగింది, ఎందుకు చేశారు అన్న ప్రశ్నలు నా నాలుక చివర దాకా వచ్చి నిలబడ్డాయి. నాలుక కొరుక్కున్నాను. నిజంగానే కొరుక్కున్నాను, రక్తం వచ్చింది.

బోర్డు తుడిచిన రోజు

సాయంత్రం మునిరత్నం గారు తడిగుడ్డ తెచ్చి బోర్డు తానే తుడిచారు. తుడుస్తూ, ఒకే మనిషిని రెండోసారి పంపినవి, మూడోసారి పంపినవి ఇందులో ఎన్ని ఉన్నాయమ్మా అని అడిగారు. ఉన్నాయి. ఇంటికి పంపితే మళ్ళీ దెబ్బలు తిని తిరిగొచ్చినవాళ్ళను మళ్ళీ పంపి, ప్రతిసారీ ఒక అంకె వేసుకున్నాం. అంగట్లో అమ్మిన సీర మూడుతూర్లు వాపసొస్తే దాన్ని మూడు అమ్మకాలని యే ఎర్రోడన్నా రాస్తాడా అన్నారాయన. తర్వాత ఆ బోర్డు మీద వంటమనిషి రేపటి కూరేమిటో రాయడం మొదలుపెట్టింది. అంతకంటే ఉపయోగమైన సమాచారం ఆ బోర్డు మీదికి ఎప్పుడూ ఎక్కలేదు.

ఆ తర్వాత గేటు దగ్గర మంచినీళ్ళు తప్ప ప్రశ్నలు లేవు. వచ్చిన మనిషి తలుపు కనబడేలా తనకు నచ్చిన చోట కూర్చుంటుంది. అడిగేది ఒక్కరే, ఒక్కసారే, అదీ ఆమె సిద్ధపడ్డాక. శుక్రవారం దాతల ఇంటి ఆడవాళ్ళు అలిగారు. కథ లేకుండా ఉట్టి అరటిపళ్ళు ఇవ్వడం వాళ్ళకు నచ్చలేదు. ఇద్దరు మానేశారు కూడా. పోతే పోనివ్వండి అన్నాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వ్యాపారం దగ్గర గడప మర్యాద నేర్చుకోండి, అంకెల పిచ్చి నేర్చుకోకండి. పరిశోధన చెప్పే మాట చెవిన పెట్టండి, దాని నీలం దిండ్లు మాత్రం పిల్లికి వదిలేయండి. అన్నిటికన్నా ముందు, మీ వాచ్‌మన్‌తో రోజూ మాట్లాడండి.

రేవతి మా దగ్గర ఏడాది ఉంది. కేసు పెట్టాలా వద్దా అన్నదీ ఆమెనే తేల్చుకోమన్నాం. మొదట వద్దంది. మూడు నెలల తర్వాత తనే వచ్చి పెడదాం అంది. స్టేషనుకు స్రవంతి తోడు వెళ్ళింది. అక్కడ ఏం చెప్పిందో నేను స్రవంతిని అడగలేదు. అడిగినా ఆ పిల్ల చెప్పేది కాదు, అది వేరే విషయం. ఏడాది పొడుగునా రోజూ నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలిచే మనిషి కథ తెలియకుండా నేను ఎలా బతికానో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలకు రంగులద్దే చోట పని దొరికి వెళ్ళిపోయింది.

ఇంకో బస్సు

నేను రిటైరైన కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం రేవతి మా ఇంటికి వచ్చింది. జుట్టు భుజాలు దాటింది. వేళ్ళకు నీలిమందు రంగు పట్టి ఉంది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఈ పొద్దు సెప్తా మేడం అంది. నేను ఏం చెబుతావని కూడా అడగలేదు.

నాలుగు గంటలు చెప్పింది. మేమంతా అంత గొడవపడిన గుండు సంగతి అందులో రెండు మాటల్లో అయిపోయింది. మిగిలిందంతా వేరే. చిన్నప్పటిది, వాళ్ళమ్మది, చదువుది, ఒక స్నేహితురాలిది. కొన్నిచోట్ల నవ్వింది కూడా. మా ఫైల్లో ఉన్న మనిషికీ ఆమెకూ పేరులో తప్ప పోలిక లేదు. అది ఇక్కడ రాయను. ఆమె రాయొద్దనలేదు, అయినా అది ఆమెది.

చెప్పడం ముగించి, కొంచెం మంచినీళ్ళు తాగి, నావైపు తిరిగింది.

"మీ సంగతి ఏంది మేడం? మీకు ఇష్టమైతేనే."

ముప్ఫై ఏళ్ళలో కొన్ని వందల మందిని అడిగాను. నన్ను ఎవరూ అడగలేదు, అడుగుతారన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఖాళీ కాఫీ గ్లాసులు చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టాను. ఆమె చూసింది, చూసీ చూడనట్టు కిటికీవైపు తిరిగి, తన కొంగు అంచు మడుస్తూ కూర్చుంది. తొందరపెట్టలేదు.

చాలాసేపయ్యాక, ఆరింటి బస్సు పోతుంది, నువ్వు బయల్దేరు తల్లీ అన్నాను.

"ఇంకో బస్సు ఉండాది లెండి" అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను.